గాలి కొడితే ఎడమకు లాగే సైడ్‌కార్ బండి: జయపురం షెడ్డు నుంచి ఒక కేస్ స్టడీ

బండి హార్లీ డేవిడ్‌సన్ ఎలెక్ట్రా గ్లైడ్, 2009 నుంచి వచ్చిన ఫ్రేమ్. ఎడమ పక్క సైడ్‌కార్, అంటే మనిషి కూర్చోవడానికి పక్కన తగిలించే ఒంటి చక్రం తొట్టి. యజమాని ఒడిశాలోని సునాబేడలో విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన. సొంతూరు సాలూరు దగ్గర పల్లె. జయపురం, కొరాపుట్, సునాబేడల్లో తెలుగువాళ్లం ఎదురుపడితే ముందు వరసలు కలుపుకుంటాం కాబట్టి ఆయన నాకు బాబాయ్. పిన్నికి మోకాళ్లు అరిగిపోయాయి. వెనక సీటు ఎక్కలేదు, సైడ్‌కార్‌లో అయితే కాళ్లు చాపుకుని హాయిగా కూర్చుంటుంది. ఇద్దరూ తరచూ కొండ దిగి ఊరికి వెళ్లొస్తుంటారు.

బాబాయ్ చెప్పిన ఫిర్యాదు ఇది: "గాలి కొట్టిన రోజు హేండిల్ ఎడమకి లాగేస్తంది బాబూ. సాలూరు దిగీసరికి భుజాలు పడిపోతన్నాయి. రెండ్రోజులు పోతే దానికదే బాగయిపోద్ది. కానీ అప్పుడు గుంతలో పడితే నడుం విరిగిపోద్ది. ఏటిది?"

గాలి అంటే ఇక్కడ టైర్ల గాలి కాదు, వెనక షాక్ అబ్జార్బర్లలో ఉండే గాలి. అంతకుముందు ఈ బండిని చూసినవాళ్లు దీన్ని రెండు జబ్బులుగా లెక్కేశారు. ఎడమకు లాగడం అలైన్‌మెంట్ తప్పు, నడుం విరగడం షాక్ తప్పు అని. ఒక చోట సైడ్‌కార్ చక్రం టో ఇన్ (చక్రం ముందు అంచు బండి వైపుకి తిరిగి ఉండే మేర) పెంచి పంపారు. ఇంకో చోట షాక్‌లు రెండూ మార్చెయ్యమన్నారు. ఆ షాక్‌ల ధర విని బాబాయ్ మా దగ్గరికి వచ్చాడు. ఆయన చెప్పినదాంట్లో నన్ను పట్టిన మాట "దానికదే బాగయిపోద్ది" అన్నది. అలైన్‌మెంట్ తప్పుంటే రెండు రోజుల్లో దానంతటదే ఎలా సర్దుకుంటుంది? రెండు రోజుల్లో మారేది షాక్‌లో గాలి ఒక్కటే.

బండి కాగితాల గురించి ఒక మాట. సైడ్‌కార్ తగిలిస్తే అది ఆటో అయిపోతుందా అని చాలామంది అడుగుతారు. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటార్ సైకిల్ నిర్వచనంలోనే, సెక్షన్ 2(27)లో, విడదీయగలిగే సైడ్‌కార్ కూడా కలిసి ఉంది. అయినా తగిలించినట్టు ఆర్‌సీలో ఎక్కించుకోవడం, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పడం మంచిది. బాబాయ్ రెండూ చేయించాడు.

గాలి చేసే పని

ఈ బండి వెనక షాక్‌లలో స్ప్రింగ్ ఉంటుంది, దానికి తోడుగా గాలి. రెండు షాక్‌లకీ సన్నటి ట్యూబులు వెళ్లి ఒకే వాల్వ్ దగ్గర కలుస్తాయి, కాబట్టి రెండింట్లో ప్రెషర్ ఎప్పుడూ సమానమే. ఈ మోడల్‌కి 50 పీఎస్ఐ దాటకూడదు. పాత మోడళ్లకి పరిమితి ఇంకా తక్కువ, కాబట్టి ఎవరి బండి పుస్తకం వాళ్లు చూసుకోవాలి. గాలి సున్నా అయినా బండి నడుస్తుంది, స్ప్రింగ్ మీద కూర్చుంటుంది అంతే. లీక్ ఉన్నా చాలాకాలం ఎవరికీ తెలియకపోవడానికి ఇదే కారణం.

రెండు చక్రాల బండికి గాలి పెంచితే వెనక భాగం లేస్తుంది, కాస్త గట్టిపడుతుంది, అంతటితో అయిపోతుంది. సైడ్‌కార్ తగిలించాక లెక్క మారుతుంది. బండీ సైడ్‌కారూ కలిసి మూడు కాళ్ల పీట. ఒక కాలు పొడుగైతే పీట రెండో పక్కకి ఒరుగుతుంది. మనది ఎడమ పక్క సైడ్‌కార్ కాబట్టి, బండి వెనక లేచిందంటే మొత్తం సెట్టు ఎడమకి, అంటే సైడ్‌కార్ వైపుకి ఒరుగుతుంది. వెనక కుంగితే కుడికి ఒరుగుతుంది.

సైడ్‌కార్ కట్టేటప్పుడు బండిని నిట్టనిలువుగా ఉంచరు. సైడ్‌కార్‌కి అవతలి వైపుకి ఒక డిగ్రీ అటూ ఇటుగా ఒరగనిస్తారు. దీన్ని లీన్ అవుట్ అంటారు. సైడ్‌కార్ పక్కనుంచి ఎప్పుడూ వెనక్కి లాగుతుంటుంది కదా, ఆ లాగుడుకి బండి ఎడమకి తిరగాలని చూస్తుంది. కుడి ఒరుగు దాన్ని సరిచేస్తుంది. ఈ ఒరుగుని రెంచీతో పైకమ్మి (సైడ్‌కార్‌ని బండి పైభాగానికి కలిపే కడ్డీ) తిప్పి పెడతాం, ఆ తర్వాత పంపుతో గాలి కొట్టి మనకి తెలియకుండానే తీసేస్తాం. బాబాయ్ బండికి జరిగింది అదే.

ఎంత గాలికి ఎంత ఒరుగు? చక్రాల మధ్య దూరం (ముందు నుంచి వెనక్కి) సుమారు 1,610 మి.మీ. సైడ్‌కార్ చక్రం బండి వెనక చక్రం కన్నా 250 మి.మీ. ముందుకి ఉంది. బండి మధ్యగీత నుంచి సైడ్‌కార్ చక్రానికి 1,200 మి.మీ. వెనక భాగం 25 మి.మీ. లేస్తే, సైడ్‌కార్ చక్రం ఎదురుగా బండి దాదాపు 21 మి.మీ. లేస్తుంది. 1,200కి 21 అంటే ఒక డిగ్రీ. మొత్తం లీన్ అవుట్ పెట్టేదే ఒక డిగ్రీ. వెనక చక్రం కదలిక మొత్తం 76 మి.మీ. మాత్రమే ఉన్న బండిలో 25 మి.మీ. తేడా తేవడం గాలికి కష్టమేమీ కాదు.

దించి చూస్తే

అలైన్‌మెంట్ జోలికి వెళ్లే ముందు టైర్లలో గాలి, సైడ్‌కార్ చక్రం బేరింగు, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, సైడ్‌కార్‌ని బండికి పట్టే నాలుగు బిగింపులు చూస్తాం. ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి. ముందు టైరు 36, వెనక టైరు 40 పీఎస్ఐ పెట్టాం.

సైడ్‌కార్ టైరు మాత్రం సగం కథ చెప్పేసింది. బయటి అంచు నున్నగా అరిగిపోయింది. ట్రెడ్ మీద చెయ్యి పెట్టి లోపలికి నిమిరితే ఒకలా, బయటికి నిమిరితే గరుగ్గా ఇంకోలా తగులుతోంది. టో ఇన్ ఎక్కువైన చక్రం రోడ్డు మీద పక్కకి రాసుకుంటూ నడిచిన గుర్తు అది.

టో ఇన్ కొలవడానికి మా దగ్గర ఖరీదైన లేజర్లు లేవు. నిటారుగా ఉన్న రెండు అల్యూమినియం బాక్స్ పైపులు చాలు. ఒకటి బండి రెండు చక్రాలకీ ఎడమ పక్కన ఆనాలి, రెండోది సైడ్‌కార్ చక్రానికి ఆనాలి. ముందు ఇరుసు దగ్గర, వెనక ఇరుసు దగ్గర వాటి మధ్య ఎడం కొలిచి తేడా తీస్తే అదే టో ఇన్. ఒక్క జాగ్రత్త: ఈ బండి ముందు టైరు 130, వెనక టైరు 180. పైపు నేరుగా ఆనిస్తే ముందు 25 మి.మీ. లోటు వస్తుంది. అక్కడ అంత మందం ముక్క పెట్టాలి. టైరు మీద రాసిన వెడల్పు, అసలు వెడల్పు ఒక్కోసారి ఒకటి కావు కాబట్టి కాలిపర్‌తో కొలుచుకుని ముక్క పెట్టడం మంచిది. ఈ ముక్క మర్చిపోయి చేసిన అలైన్‌మెంట్లు నేను చాలా చూశాను.

వచ్చిన కొలత 31 మి.మీ. ఇలాంటి సెట్టుకి నేను 15 నుంచి 20 మధ్య పెడతాను. ఎడమకు లాగుతోందని చెప్తే ఎవరో టో ఇన్ పెంచి ఆ లాగుడుని అణచాలని చూశారు. కొంత అణిగింది కూడా. ఆ ఖరీదు టైరు కట్టింది.

బాబాయ్‌ని ఒకటే అడిగాను: "అలైన్‌మెంట్ చేసిన రోజు షాక్‌లో గాలి ఎంతుందో వాళ్లు చూశారా?"

"టైర్లు చూశారు. ఇది నేనే చెప్పలేదు, వాళ్లూ అడగలేదు."

ఏ షెడ్డుకి వెళ్లినా బండి రాత్రంతా అక్కడే ఉండేది. అంటే గాలి చాలావరకు దిగిపోయి, వెనక కుంగి, సెట్టు కుడికి ఒరిగి ఉన్నప్పుడు కొలతలు తీసుకుని ఉంటారు. ఆ స్థితికి అన్నీ చక్కగా కుదిర్చి పంపేవారు. ఇంటికెళ్లగానే బాబాయ్ గాలి కొట్టేవాడు. కుదిర్చినదంతా ఎడమకి పోయేది.

లీక్

పక్కపెట్టె విప్పి, పంపు తగిలించి 40 పీఎస్ఐ పెట్టి, సబ్బు నీళ్లు బ్రష్‌తో రాశాం. వాల్వ్ దగ్గర ఏమీ లేదు. షాక్‌ల కింద నూనె తడి లేదు, అంటే షాక్ సీళ్లు బాగున్నట్టే. బుడగలు మూడు దారుల జాయింట్ దగ్గర వచ్చాయి, మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి. సైడ్‌కార్ సబ్‌ఫ్రేమ్ (సైడ్‌కార్‌ని తగిలించే అదనపు ఫ్రేమ్) బిగించేటప్పుడు ట్యూబ్ అడ్డమొచ్చిందని ఊడదీసి, పొట్టి చేసి, మళ్లీ గుచ్చినట్టున్నారు. కొసని ఏటవాలుగా కోశారు. ఇలాంటి నొక్కుడు జాయింట్లలో ట్యూబ్ కొస ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే రబ్బరు ఉంగరం) దాటి లోపలికి సమంగా దిగాలి. ఏటవాలు కొస ఓ రింగ్ అంచుని కొద్దికొద్దిగా చీరేసింది.

కొత్త బ్లేడుతో కొస అడ్డంగా కోసి, ఓ రింగ్ మార్చి గుచ్చాం. షాక్‌లకి అయ్యేదాంతో పోలిస్తే ఇది టీ డబ్బులు. రాత్రి 30 పెట్టి వదిలితే పొద్దున్న కూడా 30 దగ్గరే ఉంది.

గాలి తీసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. వాల్వ్ పిన్ను ఒక్కసారిగా నొక్కితే షాక్‌లోని నూనె తుంపరగా గాలితో పాటు బయటికొచ్చి వెనక బ్రేక్ డిస్క్ మీదో టైరు మీదో పడుతుంది. గుడ్డ అడ్డం పెట్టి మెల్లగా తియ్యాలి. మా కుర్రాడికి ఈ ఒక్క విషయంలో నేను చాలాసార్లు అరిచాను.

గాలి ఎంతుండాలి

ఇక్కడే అసలు పని. బాబాయ్ 45 పీఎస్ఐ కొట్టేవాడు. ఎందుకంటే రెండు కారణాలు చెప్పాడు. ఎలాగూ దిగిపోతుంది కాబట్టి కాస్త ఎక్కువ కొడితే ఊరు చేరేదాకా ఉంటుందని ఒకటి. పుస్తకంలో వెనక మనిషి, సామాను ఉంటే పై అంకెలవైపు వెళ్లమని రాసుందని రెండోది.

పుస్తకం తప్పు కాదు, కానీ అది రెండు చక్రాల బండికి రాసింది. అక్కడ రెండో మనిషి వెనక సీటు మీద, సరిగ్గా షాక్‌ల పైన కూర్చుంటారు. పిన్ని సైడ్‌కార్‌లో కూర్చుంటుంది. ఆమె బరువు 65 కిలోలు అనుకుంటే, కూర్చునే చోటు బండి మధ్యగీతకి సుమారు 700 మి.మీ. దూరం. 1,200లో 700, అంటే ఆమె బరువులో 38 కిలోలు సైడ్‌కార్ చక్రం మీదకి పోతాయి, బండి మీదకి వచ్చేది 27 కిలోలే. అందులోనూ కొంత ముందు చక్రానికి పోతుంది. కాబట్టి పుస్తకం పట్టికలో వెనక మనిషి ఉన్న వరుస చూసి గాలి పెడితే ఎక్కువవుతుంది.

పోనీ ఒంటరి రైడర్ వరుస చూద్దామంటే అదీ సరిపోదు. సైడ్‌కార్ సొంత బరువు సుమారు వంద కిలోలు, అందులో మూడో వంతు పైనే ఎప్పుడూ బండి మీద వేలాడుతూ ఉంటుంది. దాని సంగతి పుస్తకానికి తెలియదు. అందుకే సైడ్‌కార్ ఉన్న బండికి పుస్తకంలో నేను వాడుకునేది గరిష్ఠ పరిమితి ఒక్కటే. మిగతాది టేపు పెట్టి కొలవడమే.

కొలిచే పద్ధతి చెప్తాను. మా షెడ్డు నేల అంత మట్టం కాదు. మూడు చక్రాలు నిలిచే మూడు చోట్లని రసమట్టంతో చూసి, పల్లంగా ఉన్నచోట రేకు ముక్కలు పేర్చి, రంగుతో గుర్తు పెట్టుకున్నాం. వెనక ఇరుసు నుంచి పైన మడ్‌గార్డ్ మీద పెట్టుకున్న గుర్తు దాకా, బండిని జాకీ మీద లేపి చక్రం గాల్లో ఉండగా ఒకసారి, దించి బరువులన్నీ ఎక్కించాక ఒకసారి కొలవాలి. తేడా ఎంతో బండి అంత కుంగినట్టు. బరువులంటే అసలు బరువులే: బాబాయ్ సీటు మీద, పిన్ని సైడ్‌కార్‌లో, పెట్టెల్లో ఊరికి తీసుకెళ్లే సామాను, ట్యాంకు సగం. పిన్ని నవ్వుతూ, "కూరగాయల కాటా మీద కూర్చోబెట్టినట్టుంది" అంది. కొలిచే ముందు ప్రతిసారీ బండిని నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదలాలి, లేకపోతే సీళ్ల బిగువుకి అంకె తప్పు వస్తుంది.

ఒరుగు చూడడానికి, హ్యాండిల్ నిటారుగా పెట్టి ముందు బ్రేక్ డిస్క్‌కి డిజిటల్ యాంగిల్ గేజ్ ఆనిస్తాను. గేజ్ లేనివాళ్లు దారానికి గుండు కట్టి వెనక టైరు పక్కన వేలాడదీసి కొలుచుకోవచ్చు, లెక్క అదే.

గాలి సున్నా దగ్గర వెనక 48 మి.మీ. కుంగింది, కుడి ఒరుగు 1.4 డిగ్రీలు. 15 పీఎస్ఐకి 39 మి.మీ., ఒక డిగ్రీ. 30కి 28 మి.మీ., 0.6 డిగ్రీ. బాబాయ్ పెట్టే 45కి 19 మి.మీ., ఒరుగు 0.2 మాత్రమే. అంటే దాదాపు నిలువు.

నిలువుగా ఉంటే మాత్రం ఏమైంది అనొచ్చు. షెడ్డులో ఏమీ కాదు. రోడ్డు ఎక్కాక అవుతుంది. తారు రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండి అంచుకి వాలుతుంది. జాతీయ రహదారుల మీద ఆ వాలు మామూలుగా 2 నుంచి 2.5 శాతం. 2.5 శాతం అంటే 1.4 డిగ్రీలు. మనం ఎడమ పక్కన నడుపుతాం, వాలు ఎడమకే, సైడ్‌కార్ కూడా ఎడమకే. షెడ్డులో 0.2 కుడికి ఉన్న బండి రోడ్డు మీద 1.2 ఎడమకి ఒరిగి నడుస్తుంది. పైన సైడ్‌కార్ లాగుడు. భుజాలు పడిపోక ఏం చేస్తాయి? అదే బండి గాలి దిగిపోయాక షెడ్డులో 1.4 కుడికి ఉంటుంది, రోడ్డు మీద సరిగ్గా నిలువవుతుంది. అందుకే బాబాయ్‌కి దానికదే బాగయినట్టు అనిపించేది.

అలాగైతే గాలి లేకుండానే నడిపితే పోలా? ఈ ప్రశ్న బాబాయే అడిగాడు. పోదు. మొత్తం 76లో 48 అప్పటికే కుంగి ఉంటే గుంతకి మిగిలేది 28. నడుం విరిగే దెబ్బ అక్కడిది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఘాట్ మీద ఎడమ మలుపుల్లో. ఎడమకి తిరిగితే బరువు కుడికి, అంటే బండి మీదకి దూకుతుంది. వెనక మెత్తగా ఉంటే బండి ఇంకా కుంగుతుంది, సెట్టు ఇంకా కుడికి ఒరుగుతుంది, సైడ్‌కార్ చక్రం తేలిపోవడం ముందే మొదలవుతుంది. సాలూరు ఘాట్‌లో ఖాళీ సైడ్‌కార్‌తో దిగుతూ ఎడమ మలుపులో చక్రం లేస్తే, కొత్తవాడు భయపడి హ్యాండిల్ వదిలేస్తాడు, బండి కుడికి, ఎదురు లారీ వైపు పోతుంది. కొరాపుట్ నుంచి జయపురం దిగే ఘాట్‌లో కూడా ఇదే లెక్క.

కాబట్టి వరస ఇలా పెట్టాను. ముందు బరువుకి గాలి, ఆ గాలికి ఒరుగు. మొత్తం కదలికలో మూడో వంతు కుంగడం నాకు కావాలి, అంటే 25 నుంచి 28 మి.మీ. అది 30 పీఎస్ఐ దగ్గర వచ్చింది. ఆ 30 అలాగే ఉంచి, టో ఇన్ 31 నుంచి 18కి తెచ్చాం. తర్వాత పైకమ్మిలు పొడిగించి ఒరుగు 0.6 నుంచి ఒక డిగ్రీకి తెచ్చాం. అందుకు కమ్మి పొడవు 4 మి.మీ. మారింది, అంతే. టో ఇన్, ఒరుగు ఒకదాన్ని కదిపితే రెండోది కాస్త కదులుతుంది, అందుకే చివర్లో రెండూ మళ్లీ కొలవాలి. ఈ మళ్లీ కొలిచే పనిని బద్ధకించేవాళ్లే ఎక్కువ.

రోడ్డు మీద

పరీక్షకి సిమిలిగుడ దాటాక 26వ నంబర్ జాతీయ రహదారి మీద నిటారు ముక్క ఒకటి ఎంచుకున్నాం. పిన్నీ, సామానూ ఉన్నాయి. 60 కి.మీ. వేగంలో యాక్సిలరేటర్ కదపకుండా, వేళ్లు తేలిగ్గా పెట్టి చూస్తే బండి తిన్నగా పోతోంది. రోడ్డు మధ్యకి, వాలు లేని చోటికి వెళ్తే కొద్దిగా కుడికి వెళ్తానంటోంది. నాకు కావలసింది అదే.

యాక్సిలరేటర్ ఇస్తే ఎడమకి, వదిలితే కుడికి కొద్దిగా తిరుగుతుంది. ఇది జబ్బు కాదు. ఇంజన్ తోసేది బండిని, సైడ్‌కార్ బరువు పక్కన ఉంటుంది, అది వెనకబడుతుంది. వదిలినప్పుడు అది ముందుకి తోస్తుంది. బ్రేక్ వేస్తే కుడికి తిరగడమూ ఇందుకే, సైడ్‌కార్ చక్రానికి బ్రేక్ లేదు కాబట్టి. లాగుడు పరీక్ష ఎప్పుడూ ఒకే వేగంలో చెయ్యాలి. ఎక్కుడులో చేసి ఎడమకి లాగుతోందని మళ్లీ రెంచీ పట్టుకుంటే ఆ పనికి అంతుండదు.

పొట్టంగి దాటి సుంకి వైపు దిగే మలుపుల్లో బాబాయే నడిపాడు, నేను వెనక ఇంకో బండి మీద వెళ్లాను. ఎడమ మలుపుల్లో సైడ్‌కార్ చక్రం నేలని వదల్లేదు. గుంతల్లో దభీమనే చప్పుడు లేదు. కింద టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు బాబాయ్ భుజాలు ఆడించి చూపించాడు, పిన్ని మాత్రం "ఇన్నాళ్లూ నా వల్లే బండి ఎడమకి లాగుతోందని తిట్టారీయన" అని ఫిర్యాదు చేసింది.

ఒంటరిగా వెళ్లేటప్పుడు

పిన్ని లేనప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. సైడ్‌కార్ స్ప్రింగ్ తేలికపడి లేస్తుంది, దాంతో సెట్టు కుడికి ఒరుగుతుంది. బండి వెనక కూడా బరువు తగ్గి లేస్తుంది, దాంతో ఎడమకి. ఒకదాన్నొకటి కొంత సరిపెట్టుకుంటాయి కానీ పూర్తిగా కాదు. అదీకాక ఖాళీ సైడ్‌కార్ ఘాట్‌కి పనికిరాదు. అందుకని సైడ్‌కార్ కింద, చక్రానికి దగ్గరగా, 30 కిలోల ఇసుక మూట కట్టెయ్యమన్నాను. కట్టెయ్యడం ముఖ్యం, ఊరికే పెడితే మలుపులో జారుతుంది. ఆ మూట, బాబాయ్ ఒక్కడు, పెట్టెలు ఖాళీ ఉన్నప్పుడు 12 పీఎస్ఐకి వెనక ఎత్తు మునుపటంతే వచ్చింది, ఒరుగు 1.3 డిగ్రీలు. రోడ్డు వాలుకి అది సరిపోతుంది. రెండు అంకెలూ, ఇద్దరికి 30, ఒంటరికి 12, పక్కపెట్టె మూత లోపల పెయింటు పెన్నుతో రాశాం.

గాలి కొట్టడానికి బాబాయ్ పెట్రోల్ బంకులో టైర్ల గొట్టం వాడేవాడు. అది మాన్పించాను. షాక్‌లో గాలి పట్టే చోటు చాలా కొంచెం. కంప్రెసర్ గొట్టం ఒక్క క్షణం ఆనిస్తే 50 దాటిపోయి సీళ్లు పోవచ్చు. సామాన్య టైరు గేజ్‌తో కొలిచినా చిక్కే. గేజ్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ తుస్సుమనే గాలి టైరుకి లెక్కలోది కాదు, షాక్‌కి మాత్రం నాలుగైదు పీఎస్ఐ పోతుంది. గేజ్ ఉన్న చేతి పంపు, షాక్‌ల కోసం చేసేది, ఒకటి కొనుక్కోవాలి. విప్పేటప్పుడు వాల్వ్ ముందే మూసుకునే కనెక్టర్ ఉన్నది కావాలి. సైకిళ్ల సస్పెన్షన్‌కి వాడే పంపులు ఈ పనికి బాగానే పనికొస్తాయి.

కొండ మీద చలిలో పెట్టిన గాలి కింద ఎండలో పెరగదా అని చాలామందికి టెన్షన్. పెరుగుతుంది. కొరాపుట్‌లో 10 డిగ్రీల చలిలో 30 పెట్టి, షాక్ 40 డిగ్రీలకి వేడెక్కితే గేజ్ మీద 35కి కాస్త తక్కువ చూపిస్తుంది. పై కొలతల ప్రకారం ఆ తేడాకి వెనక లేచేది మూడు మి.మీ. పైచిలుకు, ఒరుగు మారేది డిగ్రీలో పదో వంతు. చేతికి తెలియదు. మధ్యదారిలో ఆగి గాలి తియ్యొద్దు. సాయంత్రం చల్లబడ్డాక తక్కువై కూర్చుంటుంది. పొద్దున్న బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి పెడితే చాలు.

వేరే బండ్లున్నవాళ్లకి రెండు మాటలు. హోండా గోల్డ్ వింగ్ జీఎల్ 1500లో గాలి కుడి షాక్‌కే ఉంటుంది, ఎడమది మామూలు స్ప్రింగ్. గాలి కొట్టే కంప్రెసర్ చాలావాటిలో బండిలోనే ఉంటుంది కాబట్టి ఊరికే బటన్ నొక్కాలనిపిస్తుంది. సైడ్‌కార్ ఉంటే నొక్కిన ప్రతిసారీ ఒరుగు మారుతుందని తెలిసి నొక్కాలి. హార్లీ టూరింగ్ బండ్లకి 2017 నుంచి గాలి తీసేసి చేతితో తిప్పే నాబ్ ఇచ్చారు. అక్కడ గాలికి బదులు నాబ్ చుట్లు లెక్కపెట్టుకోవాలి. బరువుకి ఎత్తు, ఆ ఎత్తుకి ఒరుగు అన్న వరస అదే.

దీపావళి తర్వాత బండి మళ్లీ వచ్చింది. షాక్‌లో గాలి నిలిచింది. కొత్తగా వేసిన సైడ్‌కార్ టైరు మీద చెయ్యి ఎటు నిమిరినా ఒకేలా ఉంది. మిగిలినవి రెండు పనులు. 30 కి.మీ. దగ్గర యాక్సిలరేటర్ వదిలితే హ్యాండిల్ కాస్త వణుకుతోంది, దానికి స్టీరింగ్ డ్యాంపర్ తెప్పించమన్నాను. రెండోది సైడ్‌కార్ చక్రానికి డిస్క్ బ్రేక్. హబ్ మారుతుంది కాబట్టి చక్రం కొన్ని మిల్లీమీటర్లు అటో ఇటో జరుగుతుంది. ఆ రోజు పెట్టెల్లో సామానుతో, పిన్నిని కూడా తీసుకుని రమ్మన్నాను. షాక్‌లో 30 పెట్టి టో ఇన్, ఒరుగు మళ్లీ మొదటి నుంచి కొలవాలి.